బల్బు కాదు, బట్టే అసలు దీపం

మన కాలేజీలో ఫోటోలు తీసేవాళ్ళు ఎక్కువైనరు. దానితోపాటు ఒక ప్రశ్న కూడా ఎక్కువైంది: "అన్నా, ఏ లైటు కొనాలె?" రింగ్ లైటా, సాఫ్ట్‌బాక్సా, ఫోన్ మీద బిగించే చిన్న ప్యానెలా? ఈ వ్యాసం దానికి సూటిగా జవాబు చెప్పదు. కొనే ముందు వెలుతురు ఎట్ల పని చేస్తదో తెలుసుకుంటే సగం సామాను మన ఇంట్లోనే, మిగతాది హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతదని చెప్తది.

ఉదాహరణకు చీరను తీసుకుందాం. కారణం ఉంది. మనలో చాలామంది పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట వైపు నుంచి వచ్చినవాళ్ళమే. ఇప్పుడు అక్కడి నేత ఇళ్ళల్ల బేరం సగం వాట్సాప్ ఫోటోల మీద నడుస్తున్నది. ఫోటోలో ఒక రంగు, చేతికి అందినంక ఇంకో రంగు కనబడితే చీర వాపస్ వస్తది. నెల రోజుల పని ఒక్క ఫోటో దగ్గర ఆగిపోతది. చీరను బాగా ఫోటో తీయగలిగినవాడు మనిషిని, పుస్తకాన్ని, ప్రాజెక్టు బోర్డును కూడా బాగానే తీయగలడు. ఎందుకంటే బట్ట ఫోటో అన్నిటికంటె కష్టం.

పానగల్లు చెప్పే పాఠం

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోడుల కాలపు గుడి. అందులో ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతాడు గాని నీడ మాత్రం జరగదు. చూసినవాళ్ళకు ఇది వింత.

ఆ వింత వెనుక ఉన్నది లెక్కే. గర్భగుడిలోకి సూర్యకిరణం నేరుగా పోదు. మంటపం పక్కల తెరిచి ఉన్న భాగాల నుంచి చెల్లాచెదురైన వెలుగు మాత్రమే లోపలికి పోతది. అంటే లోపలి గోడ వరకు దీపం సూర్యుడు కాదు, ఆ తెరపి. సూర్యుడు కదులుతడు, తెరపి కదలదు. అందుకే నీడ కూడా కదలదు. వెలుగు ఎక్కడ పుట్టిందన్నది ఒక ముచ్చట. వస్తువు ముందు చివరగా ఎక్కడి నుంచి బయలుదేరిందన్నది ఇంకో ముచ్చట. ఫోటోకు రెండోదే లెక్క.

కరెంటు రాకముందు స్టూడియోలు ఇదే సూత్రం మీద నడిచినయి. పాలమూరు పేరు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. ఆ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. ఆ కాలపు స్టూడియోల్లో అద్దాల పైకప్పు, కిటికీలు, వాటికి తెరలు ఉండేవి. తెర జరిపి వెలుగు ఎక్కువ తక్కువ చేసేవాళ్ళు. దీపం కొనేవాళ్ళు కాదు, తెర కట్టేవాళ్ళు.

మెత్తటి వెలుగు అంటే ఏంది?

నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటే కటిక వెలుగు. అంచు కరిగిపోయినట్టు ఉంటే మెత్తటి వెలుగు. ఈ తేడా బల్బు ధరతో రాదు, వాట్లతో కూడా రాదు. వస్తువు దగ్గర నుంచి చూస్తే దీపం ఎంత పెద్దగా కనబడుతున్నదో దాన్ని బట్టి వస్తది. సూర్యుడు నిజానికి ఎంత పెద్దగున్నా చాలా దూరంల ఉన్నడు కాబట్టి మనకు చిన్న బిళ్ళ. అందుకే ఎండాకాలం మధ్యాహ్నం నీడ అంత కటువు. అదే ఎండకు అడ్డంగా తెల్ల ధోతి కట్టండి. ఇప్పుడు దీపం సూర్యుడు కాదు, ధోతి. మీటరు దూరంల మీటరు వెడల్పు ఉన్న దీపం. నీడ కరిగిపోతది.

ఇక్కడి నుంచి రెండు సంగతులు తేలుతయి. ఒకటి, తెరను వస్తువుకు దగ్గర పెడితేనే మెత్తదనం. రెండు, బల్బును తెరకు మరీ దగ్గర పెడితే తెర మధ్యలో పళ్ళెమంత మచ్చ మాత్రమే వెలుగుతది. అప్పుడు మీటరు బట్ట ఉన్నా మీ దీపం పళ్ళెమంతే. బట్ట మొత్తం ఒకే తీరుగ వెలిగేదాకా బల్బును వెనక్కి జరపాలె.

రింగ్ లైటు ఎందుకు సరిపోదో కూడా ఇప్పుడు అర్థమైతది. అది కెమెరా చుట్టే ఉంటది. వెలుగు ఎదురుగా పడుతది, నీడలన్నీ వస్తువు వెనక దాక్కుంటయి. ముఖానికి అది కొందరికి నచ్చుతది. బట్టకైతే పోగుల ఎత్తుపల్లాలు మాయమై కాగితంలెక్క కనబడుతది.

కట్టుడు ఎట్ల?

కావలసిన సామాను: ముప్పావు ఇంచు పీవీసీ పైపు మీటరు ముక్కలు 4, ఎల్బోలు 4, పలుచటి తెల్ల నూలు బట్ట (పాత ధోతి అయితే ఇంకా మేలు, ఉతికి ఉతికి మెత్తబడి ఉంటది), చెక్క పలక 1, బల్బు హోల్డర్లు 4, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 4, రెండు తెల్ల థర్మోకోల్ షీట్లు, ఒక నల్ల చార్టు.

పైపులను చదరంగా బిగించి బట్టను బిగుతుగా చుట్టి పిన్నులు పెట్టండి. అది తెర. పలక మీద హోల్డర్లు బిగించండి, పలకకు తెల్ల రంగు వేస్తే వెనక్కి పోయే వెలుగు కూడా ముందుకు వస్తది. పలకను తెర వెనుక అర మీటరు దూరంల నిలబెట్టండి. స్టాండు లేదా? కిటికీ ఊచలు, దండెం, కుర్చీ వీపు ఏదైనా సరే. పాత జీన్సు ప్యాంటు కాలు కోసి ఇసుక నింపి రెండు మూతులు కడితే మంచి బరువు సంచి. ఫ్రేము అడుగున పెడితే ఫ్యాను గాలికి పడదు.

ఒక హెచ్చరిక. 4 బల్బులు కలిపి 36 వాట్లే, అంటే 230 వోల్టుల దగ్గర 0.16 ఆంపియర్లు. లోడు తక్కువే, షాకు మాత్రం తక్కువ కాదు. హోల్డర్లను ప్యారలల్‌గా కలపాలె, సిరీస్‌ల కలిపితే బల్బులు సరిగ్గ వెలగవు. అతుకులు బయటికి కనబడొద్దు, వైరును పలకకు క్లిప్పుతో బిగించాలె, తడి నేల మీద పెట్టొద్దు. అనుమానం ఉంటే ఈఈఈ మిత్రులను పిలవండి, ఛాయ్ ఖర్చు మీది. హాలోజన్ దీపం వెనుక పెట్టి బట్ట, బటర్ పేపర్ కట్టే ప్రయత్నం అసలే వద్దు, అంటుకుంటది. ఎల్‌ఈడీలను కూడా మూసిన డబ్బాలో పెట్టొద్దు, వేడికి తొందరగా పోతయి.

లెక్క చూద్దాం

9 వాట్ల బల్బు 800 నుంచి 900 ల్యూమెన్ల దాకా ఇస్తది. తెర వెనుక అర మీటరు, తెర ముందు మీటరు దూరం, మధ్యలో బట్ట సుమారు సగం వెలుగును తినేస్తది. 4 బల్బులకు వస్తువు మీద పడేది ఎంచుమించు 120 లక్స్. ఫోన్ లెన్సు ఎఫ్/1.8 అనుకుంటే షట్టర్ 1/50, ఐఎస్‌ఓ 400 దగ్గర సరిపోతది. ఫోన్ చేతిల పట్టుకోకుండ ఇటుక మీద ఆనించి 2 సెకన్ల టైమర్ పెడితే చాలు.

1/50 అన్నది ఊరికే అన్న అంకె కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతది. కంటికి కనబడదు గని షట్టర్‌కు కనబడుతది. 1/320 లాంటి వేగం పెడితే ఫోటోలో అడ్డ చారలు పడుతయి. 1/50 గాని 1/100 గాని పెడితే పూర్తి మినుకులు లెక్కకు వస్తయి, చారలు పోతయి. బల్బు కొనే ముందు దుకాణంలోనే ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి చూడండి, ఏది ఎక్కువ మినుకుతదో తెలుస్తది.

దూరం లెక్క కూడా గుర్తుంచుకోండి. దీపం దూరం రెట్టింపు అయితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు. పెద్ద తెర మరీ దగ్గరున్నప్పుడు ఈ లెక్క కొంచెం సడలుతది గాని, దిశ అదే. వెలుగు సరిపోనప్పుడు ఇంకో బల్బు కొనకముందు దీపాన్ని ఒక అడుగు దగ్గరికి జరిపి చూడండి.

ఇప్పుడు అసలు పోలిక. మధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్. ఆరుబయట నీడపట్టున సుమారు 10,000. మనం కట్టిన దీపం కంటె 80 రెట్లు ఎక్కువ, పైసా ఖర్చు లేదు. కాబట్టి పగలైతే ఉత్తరం వైపు దర్వాజ తెరవండి, అరుగు మీద నీడ పడ్డ చోట చీర పరవండి. ఒక పక్క సున్నం గోడ ఉంటే అదే రిఫ్లెక్టర్, లేకపోతే థర్మోకోల్. బల్బుల దీపం రాత్రికి, వానకాలానికి.

రంగు దగ్గర మోసం

తెల్ల ఎల్‌ఈడీలో నిజానికి ఉన్నది నీలం చిప్పు. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ వల్ల మనకు తెల్లగ కనబడుతది. చవక బల్బులో ముదురు ఎరుపు తక్కువ పడుతది. రంగులను ఎంత నిజంగా చూపుతదో చెప్పే కొలత సీఆర్‌ఐ. మామూలు బల్బులు 80 దగ్గర, ఫోటోలకు 95 పైన ఉంటే మేలు. అయితే ఆ అంకెను 8 లేత రంగుల సగటుతో కడతరు. ముదురు ఎరుపు అందుల లేదు, దానికి ఆర్‌9 అని వేరే కొలత ఉంది. 80 వచ్చిన బల్బు ఎరుపు దగ్గర ఫెయిల్ కావచ్చు.

పుట్టపాక తేలియా రుమాల్‌ను తీసుకోండి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన బట్ట. నూలును నూనెలో నానబెట్టి తయారు చేస్తరు కాబట్టి ఆ పేరు. ఎరుపు, నలుపు, తెలుపు దాని రంగులు. ఎరుపు లేని దీపం కింద ఆ ఎరుపు ఇటుక రంగుకు దిగిపోతది. వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా లేని రంగు తిరిగి రాదు. అందుకే డబ్బులు పెట్టాలె అనుకుంటే మొదట స్టాండుకో రింగుకో కాదు, మంచి సీఆర్‌ఐ, మంచి ఆర్‌9 ఉన్న బల్బులకు పెట్టండి.

ఇంకో నియమం: కిటికీ వెలుగు, గదిలో పసుపు బల్బు కలపొద్దు. చీర ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు అయితది. గదిలైట్లన్నీ ఆర్పి ఒకే దీపం వాడండి. మొదటి ఫోటోలో చీర పక్కన తెల్ల కాగితం పెట్టి దాని మీద వైట్ బ్యాలెన్స్ సరిచేసి, అదే సెట్టింగు మిగతా అన్నిటికి ఉంచండి.

మూడు చీరలు, మూడు దీపాలు

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు కొంగు పట్టు, మీద జరీ. జరీ అద్దం లాంటిది. అది తన రంగు కంటె ముందు ఎదురుగా ఉన్న దీపాన్ని చూపుతది. చిన్న బల్బు పెడితే చుక్కలు చుక్కలుగ మెరిసి మిగతాది నల్లబడుతది. పెద్ద తెర పెడితే తెర మొత్తం జరీలో కనబడి నిండుగ బంగారంలెక్క వెలుగుతది. చీర కదపకుండ తెరను కొంచెం కొంచెం పక్కకు జరుపుతూ జరీ వెలిగే కోణం పట్టుకోండి. పడ్డ కోణంలోనే వెలుగు తిరిగి వస్తదని ఇంటర్‌లో చదివిందే.

నారాయణపేట నూలు చీరకు కావలసింది నేత కనబడుడు. తెరను పక్కకు, కిందికి దించి వెలుగు బట్ట మీదుగా పాకేటట్టు పెట్టండి. ప్రతి పోగుకు చిన్న నీడ పడుతది. ఎదురు పక్క థర్మోకోల్ బదులు నల్ల చార్టు పెడితే ఆ నీడ ఇంకా లోతుగ వస్తది.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోగులకు ముందే ముడులు కట్టి రంగులద్ది తరువాత నేస్తరు. అందుకే డిజైను అంచులు కొంచెం చెదిరినట్టు, ఊపిరి తీస్తున్నట్టు ఉంటయి. బజారులో అదే డిజైను ప్రింటు వేసి చవకగ అమ్ముతున్నరు. చిన్న ఫోటోలో రెండూ ఒక్కతీరే కనబడుతయి. తేడా చూపించేది వెలుగే. ఒకటి, పక్క వెలుగులో అంచు దగ్గర నుంచి ఒక ఫోటో. అందుల పోగు పోగుకు రంగు మారుడు కనబడాలె. రెండు, కొంగు మూల ఒకటి మడతపెట్టి వెనుక పక్క కూడా అదే వెలుగులో పడేటట్టు ఇంకో ఫోటో. ఇక్కత్ రెండు పక్కలా దాదాపు ఒకే తీరుగ ఉంటది, ప్రింటు మాత్రం వెనుక వెలిసినట్టు ఉంటది. ఫోన్‌లో బ్యూటీ, షార్ప్‌నెస్, ఫిల్టర్లు అన్నీ ఆపేయండి. అంచును పదును చేస్తే ఇక్కత్ కూడా ప్రింటులెక్క అయిపోతది.

ఆ మడత పెట్టిన మూల ఫోటో అందం కోసం కాదు, సాక్ష్యం కోసం. మగ్గం మీద కూసున్న మనిషి తన పని తనదే అని నిరూపించుకునేందుకు ఇయ్యాల అంతకంటె చవక దారి లేదు. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు పాత ధోతి ఒకటి, థర్మోకోల్ ఒకటి పట్టుకపోయి మీ వాడకట్టులో ఒక ఇంటి చీరలను తీసిపెట్టండి. ఒక పూట పని. తీసే పద్ధతి ఆ ఇంటి పిల్లలకు నేర్పి రండి, మళ్ళ మీ కోసం ఎదురు చూసే అవసరం ఉండదు.