తడి రోడ్డుపై పాల బండి: ఉన్నట్టుండి రేజు ఇవ్వరాదు

తొలకరి పడిన దగ్గరనుండి సంఘాల ఫిర్యాదులు రెండు రకాలుగా వస్తాయి. పాలు విరిగాయని కొందరు, దారిలో ఒలికిపోయాయని కొందరు. విరగడం గురించి ఈ పత్రికలో పలుమార్లు వ్రాయడం జరిగింది. ఒలకడం గురించి వ్రాసింది తక్కువ. మీ పాలను క్యాన్లలో చేరవేసే మనిషి ప్రాణం కూడా అందులో ఉన్నది కనుక సభ్యులందరూ ఈ నాలుగు మాటలు చదవవలసిందిగా మనవి.

2018 జూలైలో ఒక సంఘానికి విచారణ నిమిత్తం వెళ్ళాను. క్యాన్లు తెచ్చే కుర్రవాడు చప్టా దాటి గట్టు ఎక్కుతూ మోటారు సైకిలుతో సహా పడ్డాడు. రెండు క్యాన్లలోని 80 లీటర్ల పాలు కాలువ పాలైనవి. అతని భుజం ఎముక విరిగింది. "వేగంగా నడిపాడు, నష్టం అతని కిరాయిలో కోయాలి" అని పాలకవర్గంలో కొందరి వాదన. "బండి మనిషి నడక కన్నా కాస్త జోరుగా పోతోందంతే" అని నాట్లు వేస్తూ చూసిన కూలీలు చెప్పారు. రెండు మాటలూ ఎలా పొసగుతాయి? నేను చదివింది డిప్లొమా మాత్రమే అయినా, అక్కడ నేర్చిన లెక్క ఆ రోజు అక్కరకు వచ్చింది.

పట్టు ఎక్కడనుండి వస్తుంది?

బండిని ముందుకు నెట్టేది ఇంజనే అయినా, ఆ నెట్టుడుకు ఆధారం టైరు రోడ్డును పట్టుకొన్న అరచేయంత జాగా. రబ్బరు మెత్తనిది కనుక రోడ్డుపైని గరుకులోకి దిగి పట్టు ఇస్తుంది. మధ్యలో నీటి పొర చేరితే రబ్బరు ఆ గరుకును అందుకోలేదు. టైరు మీది గాడులు ఉన్నది ఆ నీటిని పక్కకు తోయడానికే. టైరు నున్నబడితే నీరు పోయే దారి ఉండదు.

పట్టుకు ఒక హద్దు ఉన్నది. చక్రంపై పడే బరువులో పొడి తారు రోడ్డుపై సుమారు పదింట ఏడు వంతులు, తడి రోడ్డుపై నాలుగు వంతులు, బురద పేరుకొన్న చోట రెండు వంతులు అనుకోండి. రెండు నిండు క్యాన్లలో పాలే 82 కిలోలు. మనిషి, బండి, క్యాన్ల బరువులతో కలిపి వెనుక చక్రంపై 200 కిలోలు పడుతున్నదని లెక్క వేద్దాం. అప్పుడు ఆ చక్రం తట్టుకోగల నెట్టుడు పొడి రోడ్డుపై 140, తడి రోడ్డుపై 80, బురదపై 40 కిలోలు.

ఇక ఇంజను సంగతి. 100 సి.సి. మోటారు సైకిలు పూర్తి రేజులో మొదటి గేరులో సుమారు 80 కిలోల పైన, రెండవ గేరులో 50, నాలుగవ గేరులో 25 కిలోల బలంతో నెట్టగలదు. గేరు తగ్గేకొద్దీ బలం పెరుగుతుంది. పొడి రోడ్డుపై ఏ గేరులో రేజు తిప్పినా ఇబ్బంది లేదు. అదే బురదపై రెండవ గేరులో పూర్తిగా తిప్పినా 50 కిలోల నెట్టుడు 40 కిలోల హద్దును దాటిపోతుంది. చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది.

అంతటితో ఆగదు. తిరగడం మొదలైన చక్రానికి ఉన్న పట్టు కూడా తగ్గుతుంది. పైగా టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. ముందుకు నెట్టడానికీ, పక్కకు జారకుండా నిలవడానికీ అదే పంచుకోవాలి. నెట్టడానికే అంతా ఖర్చయితే పక్కకు నిలిపేది ఏమీ మిగలదు. మలుపులోనో, ఏటవాలు గట్టు మీదనో వెనుక చక్రం పక్కకు తన్నుకుపోయేది అందుకే. దీనికి వేగంతో పని లేదు.

ఆ రోజు జరిగింది ఇదే. దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టరు వదిలిన బురద గట్టు మీద ఉన్నది. అవతల పాల వ్యాను హారను మ్రోగింది. వ్యాను తప్పితే పాలు వెనక్కు పోతాయన్న కంగారులో అతడు మొదటి గేరుకు దించి ఒక్కసారిగా రేజు తిప్పాడు.

ఖాళీ బండి మరీ ప్రమాదం

నిండు బండికే జారుడు ఎక్కువని చాలామంది అనుకొంటారు. పాలు దించి వచ్చే ఖాళీ బండిలో వెనుక చక్రంపై బరువు సగానికి తగ్గితే పట్టు కూడా సగమే. ఇంజను బలం మాత్రం తగ్గదు. వెనుక చక్రాలతో నడిచే ట్రాలీ ఆటోలకూ ఇదే వర్తిస్తుంది. అయితే నిండు క్యాన్లు బాగా వెనక్కు కట్టినప్పుడు ముందు చక్రం తేలికై హ్యాండిల్ మాట వినదు. కనుక క్యాన్లు వీలైనంత ముందుకు, రెండు వైపులా సమంగా కట్టాలి.

125 సి.సి. పైబడిన కొత్త ద్విచక్ర వాహనాలకు 2019 ఏప్రిల్ నుండి ఎ.బి.యస్. తప్పనిసరి అయింది. అది బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా కాపాడుతుంది. రేజు వల్ల చక్రం తిరిగిపోవడాన్ని అది ఆపదు.

పాటించవలసినవి

1. తడిలో బయలుదేరగానే మొదటి గేరునుండి త్వరగా రెండవ గేరుకు మారండి. రేజు కొద్దికొద్దిగా పెంచండి. క్లచ్చి ఒక్కసారిగా వదలకండి.

2. గట్టు, చప్టా ఎక్కే ముందే గేరు మార్చుకోండి. మధ్యలో మార్చరాదు.

3. చక్రం తిరిగిపోతే బ్రేకు తొక్కకండి. రేజు మెల్లగా తగ్గించి హ్యాండిల్ తిన్నగా పట్టండి. చటుక్కున రేజు మూసినా చక్రానికి కుదుపే.

4. తొలి వాన మరీ ప్రమాదం. రోడ్డుపైని నూనె, దుమ్ము నీటితో కలిసి జిడ్డు అవుతాయి. దమ్ము బురద, నూర్పిడికి రోడ్డుపై పరచిన గడ్డి, స్పీడు బ్రేకరు మీది రంగు, పాలు ఒలికిన సేకరణ కేంద్రం వాకిలి కూడా జారే చోట్లే.

5. టైరు గాడి లోతు ద్విచక్ర, మూడు చక్రాల వాహనాలకు 0.8 మిల్లీమీటరు, ఇతర వాహనాలకు 1.6 మిల్లీమీటరుకు తగ్గరాదని నిబంధన. అంతవరకు ఆగకుండా వానలకు ముందే మార్చడం మేలు.

విచారణలో తేలినది

ఆ బండి వెనుక టైరు పూర్తిగా నున్నబడి ఉన్నది. మినిట్సు పుస్తకం తిరగేస్తే, రెండు నెలల క్రితమే అతడు కొత్త టైరుకు 1,500 రూపాయల అడ్వాన్సు అడిగినట్లూ, పాలకవర్గం ఒప్పుకొన్నట్లూ కనబడింది. ఆ సొమ్ము అతనికి అందలేదు. సొంత వాహనానికి సంఘం నిధి వాడరాదని తనిఖీలో అభ్యంతరం వ్రాసిన అధికారి ఉన్నాడు. ఆ సంతకం నాదే.

అడ్వాన్సుగా ఇచ్చి కిరాయిలో నెలనెలా మినహాయించుకొనేలా తీర్మానం చేసుకోండని ఆనాడు ఒక్క వాక్యం వ్రాసి ఉండవలసింది. వ్రాయలేదు. నా నివేదికలో ఆ సంగతి కూడా చేర్చి, నష్టం అతని కిరాయిలో కోయడం న్యాయం కాదని వ్రాశాను. పాలకవర్గం అంగీకరించింది. మూడు నెలలకు అతడు మళ్ళీ పనిలోకి వచ్చాడు, కొత్త టైరుతో.

సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు మనవి. మే నెల సమావేశంలో చేరవేతదారు బండి టైర్లు స్వయంగా చూసి మినిట్సులో వ్రాయండి. వాన రోజుల్లో పది నిమిషాలు వేచి ఉండేట్లు వ్యాను వారితో ముందే మాట్లాడుకోండి. పాలు పోసే సభ్యులు కూడా వానపడే పూట పెందలకడనే పాలు తెచ్చి, అతనికి ఆ కంగారు లేకుండా చేయగలరు.