కలం మనది, కళ్లు చదివేవారివి

ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, మదర్సాలో అరబ్బీ అక్షరాలు, ఉద్యోగం కోసం ఇంగ్లీషు. తెలుగునాట ముస్లిం కుటుంబాల్లో పుట్టిన చాలామంది పిల్లలకు పదేళ్లు నిండేసరికి నాలుగు భాషలతో పరిచయం ఏర్పడుతుంది. మాట్లాడమంటే ఈ పిల్లలు తడబడరు. అమ్మీతో ఒకలా, టీచరుతో మరోలా, కూరగాయల బండివాడితో ఇంకోలా మాట్లాడి పని చక్కబెట్టుకు వస్తారు. అదే పిల్లల చేతికి కలం, కాగితం ఇచ్చి ఒక దరఖాస్తు రాయమనండి. ‘తమరికి వినయపూర్వకంగా మనవి చేయునది ఏమనగా...’ దగ్గర ఆగిపోతారు. ఆ తర్వాత ఏం రాయాలో తోచదు.

మాటలో ఉన్న చురుకుదనం రాతలోకి ఎందుకు రాదు? కారణం పెద్దదేమీ కాదు. మాట్లాడేటప్పుడు మనిషి ఎదురుగా ఉంటాడు. అతని ముఖం చూస్తూ మాట మారుస్తాం. రాసేటప్పుడు ఎదురుగా ఉండేది తెల్లకాగితం. దాన్ని చదవబోయే మనిషిని మరిచిపోతాం. ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన వాక్యాలను అరువు తెచ్చుకుంటాం. ఆ వాక్యాల్లో రాసినవారూ కనబడరు, చదివేవారూ కనబడరు.

మంచి రాతకు రెండు లక్షణాలు ఉండాలని పెద్దలంటారు. రాసేవారికి తనదైన తీరు ఉండాలి. చదివేవారిని బట్టి ఆ తీరు మారాలి. వినడానికి ఈ రెండూ ఒకదానికొకటి పొసగనట్టు ఉంటాయి. మనిషికో రకంగా రాస్తే అది మన తీరు ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే 19వ శతాబ్దపు ఢిల్లీలో జీవించిన ఇద్దరు మహానుభావుల రాతలు చూడాలి.

ఒకే పుస్తకం, రెండుసార్లు

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ (1817-1898) పేరు చెప్పగానే అలీగఢ్ గుర్తుకొస్తుంది. అలీగఢ్ కళాశాలకు ఎన్నో ఏళ్ల ముందే, ఢిల్లీలో మున్సిఫ్‌గా పనిచేస్తున్న రోజుల్లో, ఆయన ఆ నగరంలోని పాత కట్టడాలపై ‘ఆసారుస్సనాదీద్’ అనే గ్రంథం రాశారు. కోటలు, మసీదులు, సమాధులు తిరిగి కొలతలు తీసుకున్నారు. శాసనాలకు నకళ్లు రాసుకున్నారు. కుతుబ్ మినార్ పైభాగంలోని అక్షరాలు కింది నుంచి కనబడకపోతే, బుట్టలో కూర్చుని పైకి లాగించుకుని మరీ రాసుకున్నారని ఆయన జీవిత చరిత్ర రచించిన అల్తాఫ్ హుసేన్ హాలీ చెబుతారు.

1847లో ఆ గ్రంథం వెలువడింది. అందులోని శ్రమ అపారం. భాష మాత్రం ఆనాటి ఫార్సీ పండితుల పద్ధతిలో సాగింది. అడుగడుగునా ఉపమానాలు, ప్రాసలు, పొడవాటి వర్ణనలు. ఫలానా కట్టడాన్ని ఎవరు, ఎప్పుడు కట్టించారో తెలుసుకోవాలనుకున్న పాఠకుడు ఆ తోరణాలన్నీ దాటుకుని లోపలికి వెళ్లాల్సి వచ్చేది. ఢిల్లీ పండిత సభలకు అది అందంగానే తోచింది. అయితే ఆ పుస్తకం లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ దృష్టికి కూడా వెళ్లింది. అనువాదం ప్రస్తావన వచ్చింది. ఇప్పుడు పుస్తకం కోసం ఎదురుచూస్తున్నది కొత్త రకం పాఠకుడు. అతనికి కావలసింది తేదీ, కొలత, ఆధారం.

సర్ సయ్యద్ తన పుస్తకాన్ని మళ్లీ రాశారు. 1854లో వచ్చిన రెండో ముద్రణలో భాష సాదాగా మారిపోయింది. కట్టడం పేరు, కట్టించినవారు, సంవత్సరం, శాసనం వరుసగా నిలిచాయి. 1861లో గార్సాన్ ద తాసీ దాన్ని ఫ్రెంచి భాషలోకి అనువదించాడు. 1864లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ సర్ సయ్యద్‌ను గౌరవ సభ్యునిగా ఎన్నుకుంది. ఆ ఏడేళ్లలో కట్టడాలు మారలేదు. రాసిన మనిషీ మారలేదు. చదివేవారెవరో ఆయనకు స్పష్టమైంది, అంతే.

1857 తిరుగుబాటు తర్వాత ఆయన కలానికి మరింత కఠినమైన పరీక్ష ఎదురైంది. ముస్లింలపై ఆంగ్లేయుల ఆగ్రహం మండిపోతున్న సమయమది. ఆ పాలకులే చదవాలని 1858లో ఆయన తిరుగుబాటు కారణాలపై ఒక గ్రంథం రాశారు. దాన్ని ఒక్కొక్క కారణంగా విడదీసి, న్యాయస్థానంలో వాదన వినిపించినట్టు రాశారు. శాసనాలు చేసే సభలో ఈ దేశ ప్రజలకు చోటివ్వకపోవడమే అసలు తప్పని పాలకులకే చెప్పారు. మర్యాద తప్పలేదు, మాట దాచలేదు. 1870లో ‘తహ్జీబుల్ అఖ్లాక్’ పత్రిక ప్రారంభించినప్పుడు ఆయన పాఠకులు సొంత సమాజంవారు. అక్కడ ఇంటి పెద్ద కూర్చోబెట్టి చెప్పినట్టు చిన్న చిన్న వ్యాసాలు రాశారు.

ఆయన పాఠకులు ఎవరైనా సరే, రాతలో ఒక గుణం మాత్రం చెక్కుచెదరలేదు. కారణం చూపకుండా ఏ మాటా చెప్పకపోవడం. అదే ఆయన తీరు.

ఉత్తరంలో వినిపించే గొంతు

మీర్జా గాలిబ్ (1797-1869) సంగతి ఇంకా ఆసక్తికరం. ఆయన మొదట్లో ఉత్తరాలు ఎక్కువగా ఫార్సీలో, పండితులు మెచ్చే శైలిలో రాసేవారు. 1850 ప్రాంతం నుంచి ఉర్దూ వైపు మళ్లారు. అప్పట్లో ఉత్తరం రాయాలంటే సగం కాగితం బిరుదులకే సరిపోయేది. గాలిబ్ వాటిని పక్కన పెట్టారు. ‘మియా’ అనో, ‘భాయ్’ అనో పిలిచి నేరుగా సంగతిలోకి దిగేవారు. కొన్ని ఉత్తరాల్లో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ప్రశ్నలూ జవాబులూ రాసేవారు. వానకు ఇల్లు కురవడం, అప్పులవాళ్ల బాధ, ఒంట్లో నలత - అన్నీ అందులోకి వచ్చేవి.

అయితే ఆయన అందరికీ ఒకేలా రాయలేదు. శిష్యుడు మున్షీ హర్‌గోపాల్‌ను ప్రేమగా ‘మీర్జా తఫ్తా’ అని పిలిచేవారు. ఆయన ఉత్తర భారతంలోని సికందరాబాద్ వాసి, మన సికింద్రాబాదు కాదు. ఆ ఉత్తరాల్లో చనువుంది, మందలింపుంది. యువకుడైన మీర్ మెహ్దీ మజ్రూహ్‌కు రాసినవాటిలో హాస్యం ఉంటుంది. రాంపూర్ నవాబుకు రాసేటప్పుడు మాత్రం పద్ధతి మారేది. 1859 నుంచి ఆ దర్బారు ఆయనకు నెలకు 100 రూపాయలు పంపేది. ఆ ఉత్తరాల్లో సంబోధన మర్యాదగా, ముగింపు ఆశీస్సులతో ఉంటుంది. ఇబ్బంది మాత్రం సూటిగానే చెప్పుకునేవారు.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 1857 నాటి తన అనుభవాలపై గాలిబ్ ఫార్సీలో ‘దస్తంబూ’ అనే పుస్తకం రాసి, 1858లో అచ్చువేయించారు. ఆంగ్లేయ అధికారుల మెప్పు ఆశించి రాసిన పుస్తకమది. ప్రతి మాటా ఆచితూచి రాశారు. స్నేహితులకు రాసిన ఉర్దూ ఉత్తరాల్లో మాత్రం ఖాళీ అయిన వీధులు, చెదిరిపోయిన మిత్రులు, కూల్చేసిన ఇళ్లు కనబడతాయి. ఆ రెండింటిలో ఏది నిలిచింది? నాటి ఢిల్లీ దుఃఖం తెలుసుకోవాలనుకునేవారు ఈనాటికీ ఆ ఉత్తరాలనే తిరగేస్తారు. అచ్చు వేస్తామంటే మొదట గాలిబ్ ఒప్పుకోలేదు. తన కీర్తికి తగవేమోనని సందేహించారు. చివరకు ‘ఊదె హిందీ’ 1868లో, ‘ఉర్దూయె ముఅల్లా’ ఆయన కన్నుమూసిన కొద్దివారాలకు 1869లో వెలువడ్డాయి. ఉర్దూ వచనానికి అవి దారి చూపాయి.

చదివేవారిని బట్టి మర్యాద మార్చినచోట గాలిబ్ రాత బతికింది. చదివేవారికి భయపడి నిజాన్ని కుదించినచోట పలచబడింది. మార్చవలసినదేదో, మార్చకూడనిదేదో ఇక్కడే తెలిసిపోతుంది.

మనకు కొత్త పాఠం కాదు

ఈ వివేకం మన సంప్రదాయంలో మొదటి నుంచీ ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) రోమన్ చక్రవర్తికి లేఖ పంపాలనుకున్నప్పుడు, ముద్ర లేని ఉత్తరాన్ని వారు చదవరని సహచరులు చెప్పారు. ఆయన వెండి ఉంగరం చేయించి ముద్ర వేయించారు. లేఖలో చక్రవర్తిని రోమన్ల అధినేతగా గౌరవంగా సంబోధించారు. సందేశం మాత్రం ఏమీ మారలేదు. ప్రజలకు వారు గ్రహించగలిగిన రీతిలో చెప్పాలని హజ్రత్ అలీ (రజి) చేసిన ఉపదేశం సహీహ్ బుఖారీలో నమోదై ఉంది.

మన ఇళ్లలో పెళ్లికూతుళ్లకు కానుకగా ఇచ్చే ‘బిహిష్తీ జేవర్’ గ్రంథాన్నే తీసుకోండి. మౌలానా అష్రఫ్ అలీ థానవీ ఆడపిల్లల కోసం కూర్చిన ఆ పుస్తకం మొదటి భాగంలోనే అక్షరాలతోపాటు ఉత్తరం రాసే పద్ధతి ఉంది. పెద్దవారిని ఎలా సంబోధించాలి, చిన్నవారికి ఎలా రాయాలి అన్నవి నమూనాలతో నేర్పారు. నూరేళ్ల క్రితమే ఆడపిల్ల చేతికి కలం ఇవ్వాలని తలచిన పుస్తకమది.

ఇక తెలుగు మనది కాదేమో, తెలుగులో రాస్తే తప్పులు దొర్లుతాయేమో అని కొందరు జంకుతారు. అర్జీ, దరఖాస్తు, రసీదు, దస్తావేజు, ఫిర్యాదు, వకీలు, హాజరు, జవాబు - తెలుగువారంతా రోజూ వాడే ఈ మాటలు అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చినవే. కలం, కాగితం కూడా అంతే. ఇన్ని మాటలు కలుపుకున్న తెలుగులో రాయడానికి మనకు బెరుకెందుకు?

ఒకే సంగతి, మూడు ఉత్తరాలు

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఊళ్లో ఉర్దూ ప్రాథమిక పాఠశాల ఉందనుకోండి. ఐదు తరగతులు, 60 మంది పిల్లలు. ఇద్దరు టీచర్లలో ఒకరు జూన్‌లో బదిలీ అయ్యారు. ఆ స్థానంలో ఎవరూ రాలేదు. ఒక తల్లి ముగ్గురికి ఉత్తరాలు రాయాలి.

మొదటిది మండల విద్యాధికారికి. ఆయన బల్ల మీద ఇలాంటి కాగితాలు ఎన్నో ఉంటాయి. కాబట్టి మొదటి వాక్యంలోనే విషయం తెలియాలి. ‘మా ఊరి ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో ఐదు తరగతులు, 60 మంది పిల్లలు ఉన్నారు. జూన్ నుంచి ఒక్కరే టీచరు ఉన్నారు. రెండో టీచరు వచ్చేవరకు తాత్కాలికంగానైనా ఒకరిని పంపవలసిందిగా కోరుతున్నాం.’ ఎంత మంది, ఎప్పటి నుంచి, ఏం కావాలి - ఈ మూడూ చాలు.

రెండోది ఆ బడిలోనే చదివి, ఇప్పుడు కువైట్‌లో పనిచేస్తున్న అన్నకు. ‘భాయిజాన్, మీరు చదువుకున్న బడే. ఐదు తరగతులవాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెడుతున్నారు. మీ మేనల్లుడు జూన్ నుంచి కొత్త పాఠం ఒక్కటీ నేర్చుకోలేదు. మీతో చదివినవాళ్లందరూ కలిసి అధికారులకు ఒక మాట రాస్తే బాగుంటుంది.’ ఇక్కడ లెక్కల కంటే జ్ఞాపకం ముందు నిలుస్తుంది.

మూడోది పత్రిక సంపాదకునికి. దాన్ని చదివేవారిలో ఎక్కువమంది ఆ ఊరిని గానీ, ఉర్దూ బడిని గానీ చూసి ఉండరు. ‘ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు తొలి చదువు ఆ భాషలోనే నేర్చుకునే ప్రభుత్వ పాఠశాల ఇది’ అని ఒక వాక్యం వారికోసం చేర్చాలి. ఇది మా ఒక్కరి సమస్య కాదు, ఏ బడిలోనైనా ఒక్క టీచరు ఐదు తరగతులు చెప్పలేరు అన్న సంగతి వారికి తట్టాలి.

మూడు ఉత్తరాల్లో పిలుపు వేరు, వరుస వేరు, వివరణ వేరు. 60 మంది పిల్లలు, ఒక్క టీచరు, జూన్ నెల మాత్రం మూడింట్లోనూ ఒకటే. అధికారిని పొగడాలని, అన్నకు నాలుగింతలు చేసి చెప్పాలని, పత్రికలో ఎవరినో తిట్టాలని మనసు లాగుతుంది. దానికి లొంగకూడదు. ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ఈ మూడు ఉత్తరాలనూ ఆ ముగ్గురి ముందూ పక్కపక్కన పరిస్తే, రాసిన తల్లి తలదించుకోవలసి వస్తుందా? రాదంటే ఆమె రాత సరైనదే.

సాధన ఎలా?

తనదైన తీరు ఒక్క రోజులో రాదు. కొన్ని అలవాట్లతో తప్పక వస్తుంది.

రాయబోయే ముందు చదివే మనిషిని ఒక్కరినే ఊహించుకోండి. వారికి ఇప్పటికే ఏం తెలుసు, ఏం తెలియదు, చదివాక వారు ఏం చేయాలి అని ప్రశ్నించుకోండి. ముందు ఇంటి మాటల్లో, దక్కనీలోనైనా సరే, సంగతిని పైకి చెప్పి చూడండి. తర్వాత అదే వరుసలో తెలుగులో పెట్టండి. రాసింది బిగ్గరగా చదవండి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు చేయండి. మీరు నోటితో ఎన్నడూ అనని మాట కనబడితే కొట్టేయండి.

ఇద్దత్, మహర్, వక్ఫ్ వంటి మాటలు మనవారికి రాసేటప్పుడు అలాగే ఉంచవచ్చు. ఇతరులకు రాసేటప్పుడు ఆ వాక్యంలోనే అర్థం తెలిసేలా రాయండి. తెలియని మాట ఎదురైన చదువరి గుమ్మం బయటే నిలబడిపోతాడు. లోపలికి పిలవడం మన మర్యాద.

ఇప్పుడు ఫోన్‌లో గొంతు పంపితే సరిపోతోంది, రాయడమెందుకని పిల్లలు అడగవచ్చు. గొంతు పంపితే అమ్మీ వింటుంది, మామూ వింటాడు. కార్యాలయంలో దాఖలయ్యేది కాగితం. పరీక్షలో దిద్దేది రాసిన జవాబు. నలుగురి ముందు మన తరఫున సాక్ష్యంగా నిలిచేదీ రాతే. మన సంగతి మనం రాయకపోతే మరొకరు వారికి తోచినట్టు రాస్తారు. అప్పుడు అందులో మన గొంతు ఎక్కడుంటుంది?

అందుకే తల్లిదండ్రులు ఒక పని చేయాలి. ఈ వారం ఇంట్లో పిల్లల చేత ఒకే సంగతిని రెండు ఉత్తరాలుగా రాయించండి. ఒకటి నానీమాకు, ఒకటి బడి ప్రధానోపాధ్యాయునికి. అక్షర దోషాలు తర్వాత దిద్దవచ్చు. ముందు రెండూ పక్కపక్కన పెట్టి, ఏం మారిందో, ఏం మారలేదో వారి నోటనే చెప్పించండి.