మాస్కు మింగిన మాట

2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ మొదలయ్యాక రేషన్ షాపుల ముందు, రైతు బజార్లలో సున్నంతో వలయాలు గీశారు. మనిషికో వలయం. అందులో నిలబడితే ముందువారికీ వెనకవారికీ మధ్య కావలసినంత ఎడం ఉంటుంది. కళ్లు కనిపించేవారికి ఇంతకన్నా తేలికైన ఏర్పాటు లేదు. చూపు లేనివారికి మాత్రం అక్కడ గీత ఉందన్న సంగతే తెలియదు. చేతికర్ర గుంతను పట్టిస్తుంది, మెట్టును పట్టిస్తుంది. సున్నపు గీతను పట్టించలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దృష్టి లోపం ఉన్నవారు సుమారు 50 లక్షలు, వినికిడి లోపం ఉన్నవారు ఇంచుమించు అంతేమంది. మాస్కు, భౌతిక దూరం, దేన్నీ తాకకపోవడం, పనులన్నీ ఆన్‌లైన్‌లో చేసుకోవడం ప్రాణాలు నిలపడానికి వచ్చిన నియమాలే. వాటిని అమల్లో పెట్టిన తొందరలో ఇంతమంది లెక్కలోకి రాలేదు.

మాస్కు సంగతే చూద్దాం. మాటలో అచ్చుల బలం ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, ష, చ, ఫ లాంటి హల్లుల మధ్య తేడా తెలిసేది 2,000 హెర్ట్జ్‌ల పైన ఉండే సన్నని ధ్వనుల వల్ల. మాస్కు సరిగ్గా ఆ ధ్వనులనే ఎక్కువగా అణిచేస్తుంది. 2020లో చేసిన ఒక కొలతలో ఆ శ్రేణి ధ్వనులను మామూలు సర్జికల్ మాస్కు 3 నుంచి 4 డెసిబెల్స్, ఎన్-95 మాస్కు దాదాపు 12 డెసిబెల్స్ వరకు తగ్గించినట్టు తేలింది. వయసుతో వచ్చే చెవుడు కూడా ముందుగా దెబ్బతీసేది ఈ సన్నని ధ్వనులనే. అందుకే చాలామంది పెద్దవాళ్లకు డాక్టరు ఏదో అంటున్నట్టు వినిపించేది కానీ ఏమంటున్నారో తెలిసేది కాదు.

చెవికి అందనిదాన్ని వినికిడి లోపం ఉన్నవారు కంటితో పూరించుకుంటారు. పెదవుల కదలిక ఒక్కటే చూస్తే ప, బ, మ ఒకేలా ఉంటాయి. వాటి తేడాను చెవికి అందే కాస్త శబ్దం చెబుతుంది. శబ్దంలో కలిసిపోయిన అక్షరాల తేడాను పెదవులు చెబుతాయి. మాస్కు ఈ రెండు ఆసరాలనూ ఒకేసారి లాగేసింది. సైగల భాషలోనూ చేతులతోపాటు ముఖం మాట్లాడుతుంది. నోటి కదలికలు ఆ భాష వ్యాకరణంలో భాగం. ఇవి చాలవన్నట్టు, వినికిడి యంత్రం పెట్టుకున్న చెవి వెనకే మాస్కు తాడూ తగిలించాలి. మాస్కు తీసే తొందరలో వేల రూపాయల యంత్రం ఊడి కిందపడేది.

మరి నోరు కనిపించే మాస్కులు? అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో రకరకాల మాస్కులను పరీక్షించారు. నోటి దగ్గర పారదర్శక ప్లాస్టిక్ ఉన్న మాస్కు మామూలు సర్జికల్ మాస్కు కన్నా ఎక్కువగా ధ్వనిని అడ్డుకుంది. అంటే పెదవులు చదివేవారికి అది మేలు. శబ్దం మీదే ఆధారపడేవారికి ఇంకాస్త నష్టం. మాట్లాడేవారి చొక్కాకు చిన్న మైకు తగిలిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుందని కూడా వారు గమనించారు.

చూపు లేనివారి ఇబ్బంది స్పర్శ దగ్గర మొదలైంది. తోడు నడిచే మనిషి మోచేయి పట్టుకుని నడవడం వారికి అలవాటు. దగ్గు, తుమ్ము వస్తే అదే మోచేతి మడతను అడ్డం పెట్టుకోమని అప్పుడే ప్రపంచమంతా ప్రచారం జరిగింది. మెట్ల కమ్మీ, లిఫ్టులో బ్రెయిలీ మీట, దుకాణంలో సరుకు, అన్నీ తాకి తెలుసుకోవలసినవే. ప్లాస్టిక్, స్టీలు మీద వైరస్ 72 గంటల వరకు ఉండగలదని 2020లో ఒక ప్రయోగశాల అధ్యయనం చెప్పడంతో తాకాలంటేనే భయం పట్టుకుంది. కలుషితమైన వస్తువును ఒకసారి తాకితే జబ్బు సోకే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కన్నా తక్కువేనని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించేసరికి 2021 ఏప్రిల్ వచ్చింది. చూపూ వినికిడీ రెండూ లేనివారు చేతిలో చేయి వేసి, స్పర్శతోనే మాట్లాడుకుంటారు. ఆరడుగుల దూరం నియమం వారికి సంభాషణనే మూసేసింది.

టీకా దగ్గర అడ్డంకి తెర మీదికి మారింది. 2021 మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు టీకా నమోదుకు వాడిన కోవిన్ వెబ్‌సైట్‌లోని లోపాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపింది. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టైపు చేయమనే క్యాప్చాకు ఆడియో రూపం లేదు. మౌసు లేకుండా కీబోర్డుతో పేజీలో తిరిగే వీలు లేదు. ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో తెలిసినా అవి దేనికో తెలుసుకునే దారి లేదు. ఏ టీకానో, ఉచితమో కాదో ఎంచుకునే ఫిల్టర్లు చూపు లేనివారికి అందేలా లేవు. వికలాంగులకు తగినంత సమయం ఇవ్వాలని, మధ్యలో లాగౌట్ కాకుండా చూడాలని కూడా కోర్టు చెప్పింది. ఇంటి వద్దే టీకా వేసే ఏర్పాటును కేంద్రం ఆ ఏడాది సెప్టెంబరులో ప్రకటించింది.

ఈ బాధ మన దేశానిదే కాదు. అధ్యక్ష భవనం కరోనా సమావేశాలకు సైగల భాషా అనువాదకులను పెట్టాలని 2020 సెప్టెంబరులో అమెరికా కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అనువాదకులు లేకుండా ప్రభుత్వం రెండు కరోనా సమావేశాలు జరపడం చట్టవిరుద్ధమని 2021 జూలైలో బ్రిటన్ హైకోర్టు తేల్చింది. జబ్బు గురించి తెలుసుకునే హక్కు కోసం కూడా కోర్టు మెట్లెక్కాలా?

ఇంట్లో చేసుకునే కరోనా పరీక్షలోనూ ఫలితం రంగు గీతల్లోనే కనిపించింది. చూపు లేనివారు తమ ఒంట్లో సంగతిని ఇంకొకరిని అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఫలితాన్ని ఫోనులో వినిపించే పరీక్షలను అమెరికా ప్రభుత్వం 2022 జూన్‌లో ఇవ్వడం మొదలుపెట్టింది. సాంకేతికంగా అది అసాధ్యమేమీ కాదని దీంతో రుజువైంది.

మన దగ్గర చట్టానికీ కొరత లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన పరిధిలోని వికలాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలి, ప్రమాదం వచ్చినప్పుడు వారికి తెలియజేయాలి. ఆ జాబితాలో ఎవరికి సైగల భాష కావాలో, ఎవరికి ఫోనులో గొంతు వినిపించాలో, ఎవరి ఇంటికి మనిషే వెళ్లాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఆ పని మొదలుపెట్టాల్సింది ఇప్పుడే, మహమ్మారి లేని ఈ రోజుల్లోనే.