పొగను ఆకాశమునుండి తూచుట

చైత్రమాసము వచ్చుసరికి పాకాల అడవిలో ఆకు రాలి నేలనిండ పరచుకొనును. ఇప్పపూవు ఏరుటకై చెట్టుక్రింద పెట్టిన చిన్న నిప్పు చాలును, మంట గుట్టలెక్కును. ఆ అడవికి నైరృతి దిక్కున నున్న నెక్కొండ వైపు పొలములలో, కోతయంత్రము విడిచిన వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టుటయు కలదు. ఈ పొగలో మన రొమ్ములలోనికి పోవునది ఎంత? గాలిని తూచు యంత్రములు నగరములలో ఉన్నవి గాని పల్లెపల్లెకును లేవు. కావున ఉపగ్రహముల నడుగవలసి వచ్చినది.

ఉపగ్రహము మొదట వేడిని పసిగట్టును. మండు నేలనుండి పరారుణ కిరణములు మిక్కుటముగా వెలువడును గదా! 1999లో టెర్రా, 2002లో ఆక్వా ఉపగ్రహములపై వెళ్లిన మోడిస్ పరికరము నేలను 1 కిలోమీటరు గడులుగా చూచెను. 2011లో వెళ్లిన వీర్స్ పరికరమునకు గడి 375 మీటర్లే. గడి యంతయు మండనక్కరలేదు. అందొక మూల తగులబడినను తెలియును. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటరువారు ఇట్టి సమాచారమును షాద్‌నగరు వద్ద అందుకొని అటవీశాఖలకు హెచ్చరికలు పంపుచు వచ్చినారు.

మంట జాడ తెలిసినంత మాత్రమున పొగ లెక్క తేలదు. సూర్యకాంతి పొగలో ఎంత చెదరినదో కొలిచి, నేలనుండి పైవరకు నిలువుగా నున్న ధూళి మొత్తమును అంచనా కట్టుదురు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. మనము ఆకాశమంతటిని పీల్చము, ముక్కు ఎదుటి గాలినే పీల్తుము. వేసవి మధ్యాహ్నమున కాగిన నేల గాలిని పైకెత్తి పొగను చాల ఎత్తు వరకు పలుచన చేయును. చలికాలపు రాత్రి అంతే పొగ ఇండ్ల కప్పులను అంటుకొని నిలిచిపోవును. పైనుండి చూచిన లెక్క ఒక్కటే. పీల్చువాని పాట్లు వేరు. అందుచే శాస్త్రజ్ఞులు గాలివేగమును, తేమను, గాలి కలియు ఎత్తును చేర్చి, నగర యంత్రముల లెక్కతో సరిచూచి, ఘనపు మీటరు గాలిలో సన్నని ధూళి ఎన్ని మైక్రోగ్రాములో చెప్పుదురు. ఈ ధూళి రేణువు తలవెంట్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. ఇరువదినాలుగు గంటల సగటు 60 మించరాదని మన దేశపు కట్టుబాటు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో 15 చాలునన్నది. పిమ్మట ఆ గాలిలో ఎందరు, ఎంతసేపు ఉన్నారో గుణింపవలెను. నిర్జనమైన అడవిలోని దట్టపు పొగకంటె ఊరిమీది పలుచని పొగ ఎక్కువమందిని బాధించును.

ఇంకొక లోపమును మేము ముఖ్యముగా చెప్పదలచితిమి. వీర్స్ మన మీదుగా పోవునది పగలు ఒంటిగంటన్నర ప్రాంతమున, మరల రాత్రి అదే వేళకు. పొద్దువాలిన పిదప రాజుకొని జాములో ఆరిన మంట దానికి దొరకదు. 2016లో పంపిన ఇన్శాట్-3డి.ఆర్. 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలకడగా నుండి మాటిమాటికి చూచునట్టిదే. కాని వేడిని చూచుటకు దాని గడి 4 కిలోమీటర్లు, మడిచెక్క మంట అందులో కలిసిపోవును. మబ్బు పట్టిననో, ఏదియు కానరాదు. పటమున చుక్క లేదు గనుక పొగ లేదని వాదించువారు ఈ వేళల సంగతి ఎరుగరు కాబోలు!

సాయంకాలము పొగవాసన తగిలినచో పటముకై చూడక, ఉబ్బసమువారిని, పసిబిడ్డలను లోపల నుంచి, పొగ వచ్చు వైపు కిటికీలు మూయుడు. ఇంటిలో కట్టెలపొయ్యి ఆ పూటకు వెలిగింపకుండుట మేలు.