తాతగారి ఫైల్లో ఏం రాశారు?

పాలవాడి లెక్క క్యాలెండరు మీద రాస్తాం. ఇస్త్రీ బట్టల పద్దు రాస్తాం. గ్యాసు బండ ఎప్పుడు మార్చామో తలుపు వెనక రాసుకుంటాం. మరి ఇంట్లో పెద్దాయన పొద్దున్న షుగర్ మాత్ర వేసుకున్నారో లేదో ఎక్కడ రాస్తున్నాం? ఈ ప్రశ్న నాకు తట్టడానికి ఓ గండం గడవాల్సి వచ్చింది.

మా మామయ్యగారు విశాఖ పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఓడలోంచి దిగే ప్రతి బస్తాకీ గీత గీసి లెక్క అప్పజెప్పిన మనిషి. ఇప్పుడు మతిమరుపు జబ్బు. తిన్న గంటకే "అమ్మాయ్, నాకింకా టిఫిన్ పెట్టలేదేటి?" అంటారు. మావారిది స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. నా ఒక్కదాని వల్లా కాక, పెద్దవాళ్ళని పగటిపూట చూసుకునే కేంద్రంలో చేర్చాం. తొమ్మిదికి వ్యాను వస్తుంది, సాయంత్రం అయిదుకి దింపుతుంది.

ఓ రోజు మావారు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, తండ్రికి మాత్ర ఇచ్చి పడుకున్నారు. అది తెలియక నేను టిఫిన్‌తో మరొకటి ఇచ్చాను. ఆయన తిన్నది ఒకటే ఇడ్లీ. పదకొండు గంటలకి కేంద్రం నుంచి ఫోను!

ఒళ్ళంతా చెమట, చేతుల్లో వణుకు, మాట తడబాటు. ఆయా పరుగున వెళ్ళి ఫైలు తీసిందట. మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉంది: "షుగర్ ఉంది. చెమట పట్టి మాట తడబడితే వెంటనే షుగర్ చూడాలి." చూస్తే 54. డెబ్భైకి తగ్గితేనే ప్రమాదం. స్పృహలో ఉండి మింగగలుగుతున్నారు కనుక మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించారు. పావుగంటకి మళ్ళీ పరీక్ష చేశారు. డాక్టరుకి చెప్పి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉన్నారు. (స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.)

నేను వెళ్ళేసరికి నర్సు కోప్పడలేదు. పుస్తకం నా ముందు పెట్టింది. "ఇంట్లో మాత్ర ఎప్పుడు వేశారో రాసి పంపమన్నాం కదమ్మా. మూడు రోజులుగా ఈ గడి ఖాళీ." తల దించుకున్నాను.

"ప్లాంటులో లాగ్ బుక్కు రాసి అప్పగిస్తే గానీ షిఫ్టు దిగం. ఇంట్లోనే అప్పగింతలు లేకపోయాయి" అన్నారు మావారు.

మొదటి పేజీ

2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్లకు పైమాటే. 1992లో జాతికి అంకితమైన స్టీల్‌ప్లాంటులో కుర్రాళ్ళుగా చేరినవాళ్ళకీ ఇప్పుడు తల నెరిసింది. చాలామంది పిల్లలు ఊళ్ళో లేరు. ఇలాంటి కేంద్రాల అవసరం పెరిగేదే గానీ తగ్గేది కాదు. చేర్చేముందు భోజనం, గాలీ వెలుతురూ చూస్తాం. ఫైలు కూడా అడిగి చూడండి.

మొదటి పేజీలో జబ్బులు, పడని మందులు, వేసుకునే మందులు మోతాదుతో సహా, డాక్టరు ఫోను నంబరు, ఇంట్లో ఇద్దరి నంబర్లు ఉండాలి. కళ్ళజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు ఉంటే అవీ రాయాలి. ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో కొలవడానికి 1965లో వెలువడిన బార్తెల్ సూచిక అని ఒకటుంది. తినడం, స్నానం, నడక, మెట్లెక్కడం వంటి పది పనులకి మొత్తం వంద మార్కులు. అప్పుడప్పుడూ వేసి చూస్తే మనిషి ఎక్కడ తగ్గుతున్నారో తెలుస్తుంది.

చూసింది రాయాలి

"ఈరోజు మొండికేశారు" అనేది రాత కాదు, తీర్పు. "అన్నం రెండు ముద్దలు తిని చాలన్నారు, దవడ పట్టుకున్నారు" అని రాస్తే పంటి నొప్పి బయటపడుతుంది. టైము వెయ్యాలి, సంతకం పెట్టాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం చెయ్యాలి, తెల్ల రంగు పూయకూడదు.

"బాగా చూసుకోవాలి" అంటే చాలదు

సంరక్షణ ప్రణాళిక అంటే ఏం చెయ్యాలి, ఎవరు, ఎప్పుడు, ఎలా అన్నది. "నడిపించాలి" అని కాదు. "పదింటికి, వాకరుతో, ఆయా పక్కనుండగా హాలు చుట్టూ రెండుసార్లు" అని ఉండాలి. మూడు నెలలకోసారీ, కింద పడినా, ఆస్పత్రికి వెళ్ళొచ్చినా మళ్ళీ చూసి మార్చాలి. ఆయన్నీ కూర్చోబెట్టుకుని అడగాలి. మతి తప్పినంత మాత్రాన ఇష్టాయిష్టాలు పోవు కదా!

మామయ్యగారికి మధ్యాహ్నం మూడయితే కాలు నిలవదు, "డ్యూటీ టైమైపోతోంది" అని గేటు దగ్గరకెళ్ళేవారు. ఆయన ఉద్యోగం గురించి నేను చెప్పిన నాలుగు ముక్కలు నర్సు ఫైల్లో రాసుకుంది. ఇప్పుడు రెండున్నరకే చేతికి నోటుబుక్కు, పెన్సిలు ఇస్తారు. హాల్లో కుర్చీలు టాలీ వేస్తారు: నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. గేటు మాటెత్తడం తగ్గింది.

ఇంకో మాట. ఫైల్లో మనిషి గుట్టంతా ఉంటుంది. పక్క తడిపిన సంగతి వచ్చేపోయేవాళ్ళకి కనబడకూడదు. అది బీరువాలో తాళం కింద ఉండాలి, వాట్సాప్ గ్రూపుల్లో కాదు. మన పెద్దల గురించి ఏం రాశారో ఆ పెద్దలూ, మనమూ అడిగి చదువుకోవచ్చు.

పెద్దల పోషణ, సంక్షేమం కోసం 2007లో చట్టం వచ్చింది. సాయం కావాలంటే 14567కి ఫోను చెయ్యొచ్చు. కానీ మాత్ర వేసిన టైము మనమే రాయాలి. కేంద్రంలో చేర్చకపోయినా సరే, ఈ రాత్రే పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు కుట్టి, పెన్ను కట్టి, మందుల డబ్బా పక్కన వేలాడదీయండి. మాత్ర ఇచ్చిన చెయ్యే టైమూ వెయ్యాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆ గడి ఖాళీగా ఉండటం లేదు.