బీచ్ అడవి నేల

ఐరోపాలో ఆల్ప్స్, కార్పేథియన్ పర్వతాల నడిమి ఎత్తులలో బీచ్ అనే చెట్టుదే రాజ్యం. దాని మాను నున్నగా బూడిదరంగులో ఉంటుంది. 30 మీటర్లకు మించి పెరుగుతుంది. కొన్నిచోట్ల ఫర్, స్ప్రూస్, మేపుల్ చెట్లు దానికి తోడు. దూరం నుంచి చూసేవారికి ఆ కొండలన్నిటా ఒకే అడవి కనిపిస్తుంది. తేడా తెలియాలంటే తల వంచి నేలను చూడాలి.

ఆమ్లగుణం గల నిస్సారమైన నేలలో బీచ్ కింద లుజులా అనే గడ్డివంటి మొక్క, మరికొద్ది రకాలు మాత్రమే ఉంటాయి. సారవంతమైన నేలలో గాలియం అనే చిన్న తెల్లపూల మొక్క పరచుకొంటుంది. అది ఎండితే కమ్మని వాసన వేస్తుంది. త్వరగా ఆరిపోయే సున్నపురాతి వాలులలో సెఫలాంథెరా అనే ఆర్కిడ్లు పూస్తాయి. తుంగ మొలిచిన చోటు చూసి చెమ్మ నేలను రైతు గుర్తించడం వంటిదే ఇది. ఇక అనిమోన్ మొక్క తీరు మరీ చిత్రం. బీచ్ చిగిర్చితే కింద చీకటే కనుక, వసంతారంభంలో చెట్లు మోడుగా ఉండగానే అది పూత ముగించుకొంటుంది.

ఈ తేడాలను ఒక పద్ధతిలో నమోదు చేయడం నేర్పినవాడు స్విట్జర్లాండులో పుట్టిన జోసియాస్ బ్రాన్-బ్లాంకే (1884–1980). 1928లో ఆయన గ్రంథం వెలువడింది. అడవిలో ఒకే తీరుగా ఉన్న చోట కొలిచి గిరి గీస్తారు. అందులోని ప్రతి మొక్క పేరూ రాసి, అది ఎంత నేల కప్పిందో అంకె వేస్తారు. ముప్పాతిక భాగానికి మించితే 5. నూటికి 5 పాళ్లకు లోపైతే 1. మరీ అరుదైతే కూడిక గుర్తు. ఇలాంటి అనేక పట్టికలను పక్కపక్కన పేర్చితే, కలిసి పెరిగే మొక్కల గుంపులు బయటపడతాయి. ఆ గుంపును బట్టి అడవికి పేరు. తెలుగులో మామిడితోపు అన్నట్లే లాటిన్‌లో 'ఫాగేటం' అంటే బీచ్ తోపు. లుజులా ఉన్న తోపు 'లుజులో-ఫాగేటం'.

దీనిని అందరూ ఒప్పుకోలేదు. ప్రతి మొక్కా తన అవసరం కొద్దీ ఎవరికి వారుగా పెరుగుతుందనీ, గుంపులకు గట్టి సరిహద్దులు లేవనీ అమెరికా శాస్త్రజ్ఞుడు గ్లీసన్ 1926లో వాదించాడు. ఆ మాటలో బలముంది. నిజానికి రెండు రకాల నడుమ ఎటూ తేలని చోట్లు ప్రతి కొండపైనా ఉంటాయి.

అయినా పేర్లు అవసరమయ్యాయి. ఐరోపా దేశాలు 1992లో చేసుకొన్న ఆవాసాల చట్టం కాపాడవలసిన అడవులను ఈ వర్గీకరణ పేర్లతోనే చెబుతుంది. అందులో లుజులా బీచ్ అడవి సంఖ్య 9110, గాలియం అడవి 9130, సున్నపురాతి అడవి 9150. వాటి స్థితిని ప్రభుత్వాలు ఆరేళ్లకొకసారి తెలపాలి. గిరి గీసి రాసిన పట్టికే అందుకు ఆధారం.

పందొమ్మిదవ శతాబ్దంలో కలప కోసం చాలా చోట్ల బీచ్‌ను నరికి స్ప్రూస్ నాటారు. అక్కడ తిరిగి బీచ్‌ను పెంచదలచిన అటవీ ఉద్యోగులు, ముందుగా ఆ నేలలో మిగిలిన చిన్న మొక్కలను వెదుకుతారు.