పేకాటలో గెలుపెవరిది?

మదనపల్లె మండీలో టొమాటో లెక్క తేలిన నాడు, నీరుగట్టువారిపల్లె మగ్గము నుండి పట్టుచీర దిగి అమ్ముడుపోయిన నాడు, పుంగనూరు పల్లెలలో పాడిపశువు చేయి మారిన నాడు, కుప్పం ప్రాంతమున పట్టుగూళ్లకు ధర పలికిన నాడు, చేతిలో ఒక్కసారిగా రొక్కము కనబడును. నెల జీతగానికి సొమ్ము తడవతడవకు వచ్చును. పంటకాపునకో, నేతగానికో నెలల కష్టము ఒక్క పూటలో నోట్లకట్టయి వచ్చును. పేకబల్ల కాచుకొని యుండునది ఆ పూట కొరకే.

జూదము పాపమా కాదా యను చర్చకు మేమిచ్చట పూనుకొనుట లేదు. లెక్క మాత్రమే చూడదలచినాము. పెద్ద పందెములతో రొక్కమునకు ఆడు ఆటలో, అది పోకర్ కానిండు, రమ్మీ కానిండు, మూడు ముక్కలాట కానిండు, చివరకు సొమ్ము ఎవరి యింటికి చేరును?

మొట్టమొదట గ్రహింపవలసినది, పేకబల్ల మీద ఏదియు పండదు. టొమాటో సాగును కొందరు జూదమందురు. 2023 జూలైలో మదనపల్లెలో కిలో ధర 200 రూపాయలకు చేరువైనది. అదే పంటను కోతకూలి రాదని పొలములోనే వదలివేసిన యేండ్లును గలవు. అయినను ఆ రైతు నష్టపోయిన నాడు కూడ నేలపై కాయ కాచినది. పేకాటలో అట్లు కాదు. ఒకనికి వచ్చినదంతయు మరియొకనికి పోయినదే. అదియు పూర్తిగా రాదు; నడుమ ఇంటివాని వాటా యున్నది.

ఒక లెక్క వేసి చూతము. ఆరుగురు తలకు 10,000 రూపాయలతో కూర్చుండిరనుకొందము. బల్లపై మొత్తము 60,000. ఒక్కొక్క పంపకమునకు పందెము సగటున 1,000 రూపాయలు చేరుననియు, అందు నూటికి 5 వంతున ఇంటివాడు తీసికొనుననియు అనుకొందము. గంటకు 30 పంపకముల చొప్పున అతనికి 1,500 రూపాయలు ముట్టును. రాత్రి ఎనిమిది గంటలసేపు ఆడినచో 12,000. అనగా బల్లపైకి వచ్చిన సొమ్ములో అయిదవ వంతు, ముక్క పట్టని వాని పాలైనది. ఆరుగురును సమానమైన నేర్పరులై, సమానముగా ముక్కలు పడినను, తలకు 2,000 రూపాయలు పోగొట్టుకొని లేచెదరు. వారిలో ఒకడు 10,000 గెలిచెనా, తక్కిన అయిదుగురు కలిసి 22,000 ఓడవలెను.

ఇంటివాని తరువాత నిలకడగా గెలుచువాడు అప్పిచ్చువాడు. అర్ధరాత్రి ఓడినవాని చేతికి నోట్లందించువానికి ఏ ముక్క పడినను ఒకటే. అతడు ఆట మీద గాక ఆటగాని ఆతురత మీద పందెము కాయుచున్నాడు.

మరి నేర్పునకు విలువ లేదా? ఉన్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యము ప్రధానముగా గల ఆటయని నిర్ణయించినది. పడిన ముక్కలను గుర్తుంచుకొనుట, ఏది పట్టవలెనో ఏది వదలవలెనో ఎరుగుట అందు ముఖ్యమనియు, మూడు ముక్కలాటవలె అది కేవలము అదృష్టము కాదనియు చెప్పినది. అయితే ఆట వలన ఇంటివాడు లాభము గడించుచున్నట్లు రుజువైనచో నేరము కావచ్చునని కూడ హెచ్చరించినది.

ఈ ‘నైపుణ్యము’ అను మాటను వినిన కొత్త ఆటగాడు ధైర్యము తెచ్చుకొనును. నిజమునకు అతడు భయపడవలసినది ఆ మాటకే. కేవలము అదృష్టమే అయినచో నేర్పరికిని అనాడికిని ఒకే తీరు. నేర్పునకు చోటున్న ఆటలో, ఆట సాగినకొలది అనాడి సొమ్ము నేర్పరి వైపు ప్రవహించును. ఒక రాత్రి ఎవరైనను గెలువవచ్చును. వంద రాత్రుల మొత్తములో నేర్పు పైకి తేలును.

నేర్పు సమానమైనను సంచి సమానము కాదు. 1654లో పాస్కల్, ఫెర్మా అను ఫ్రెంచి గణితవేత్తలు పందెపు సొమ్ము పంపకమును గూర్చి వ్రాసికొనిన లేఖల నుండియే సంభావ్యతాశాస్త్రము మొలకెత్తినది. ఆ శాస్త్రము చెప్పు సంగతి యిది: ఏ పక్షపాతము లేని ఆటలో, 10,000 గలవాడు 90,000 గలవానితో ఒకరు దివాలా తీయువరకు ఆడినచో, చిన్నవాడు దివాలా తీయుటకు పదింట తొమ్మిది పాళ్లు అవకాశమున్నది. మోసము అక్కరలేదు, సంచి లోతే చాలును.

అందుచేతనే పెద్ద ఆటలలో ఆరితేరినవారు పలువురు తమ సొమ్ముతో మాత్రమే ఆడరు. వెనుక ధనికులు పెట్టుబడి పెట్టి గెలుపులో పాలు పంచుకొందురు. లోకము చూచిన గెలుపు వేరు, ఆటగాని యింటికి చేరినది వేరు. ఇది కొత్త యేర్పాటు కాదు. భారతమున పందెపు ధనము దుర్యోధనునిది, పాచిక శకునిది. ఒకరి కొరకు ఒకరాడుట తగునా యని ధర్మరాజు శంకించెను, శంకించియు ఆడెను.

కుప్పము మూడు రాష్ట్రములు కలియు చోటు. హద్దు దాటిన చట్టపు పలుకు మారును. నైపుణ్యపు ఆటగా ఆడిన పోకర్‌కు లైసెన్సు అక్కరలేదని 2013లో కర్ణాటక హైకోర్టు చెప్పినది. 2017లో గుజరాత్ హైకోర్టు దానిని జూదమేయన్నది. ఆంధ్రప్రదేశ్ తన 1974 నాటి చట్టమును 2020లో సవరించి, అంతర్జాలమున పందెములతో ఆడు ఆటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము అట్టి ఆటలను, నైపుణ్యము గలవైనను సరే, దేశమంతటను నిషేధించినది. చట్టము హద్దుతో మారవచ్చును. పైన వేసిన లెక్క ఏ హద్దు వద్దను మారదు.

ఇంత తేటయైన లెక్క జనులకేల తట్టదు? గెలిచినవాడు కాఫీ హోటలులో చెప్పుకొనును. ఓడినవాడు భార్యకు కూడ చెప్పడు. మూడు ముక్కలాటలో ముక్కలు 22,100 విధములుగా పడవచ్చును. వానిలో మూడును ఒకే అంకెవి 52 మాత్రమే. అనగా 425 పంపకములకు ఒకటి. ఆ ఒక్కటి బ్రదుకంతయు గుర్తుండును. తక్కిన 424 గాలికి పోవును.

కావున ఆడువారికి మేము చెప్పగల మాట యొకటే. కిరాణా పద్దు వ్రాసినట్లు పేకాట పద్దు వ్రాయుడు. తేదీ, తీసికొనిపోయినది, తిరిగి తెచ్చినది, అప్పు చేసినది, నాలుగు గడులు చాలును. ఆరు నెలల పిమ్మట కూడి చూడుడు. ఆ పద్దును ఇంట చూపుటకు వెనుదీయుచున్నారా, జవాబు అప్పుడే దొరికినది. ఎందుకనగా బల్ల యొద్ద కూర్చుండనివారును ఓడుచున్నారు: పిల్లవాని కళాశాల రుసుము, వచ్చే కారు విత్తనపు ఖర్చు, ఇల్లాలి మెడలోని గొలుసు.

ఋగ్వేదము పదవ మండలమున అక్షసూక్తమున్నది. పాచికలు విడువలేని జూదరి గోడు అందున్నది. అతని భార్య, తల్లి పడు దుఃఖమున్నది. అంతయు విని ఆ సూక్తము అతనికి చెప్పు హితవు మిక్కిలి సాదా: జూదము మాని సేద్యము చేసికొమ్మని. వేల యేండ్ల నాటి ఆ మాటకు మదనపల్లె రైతునకు వ్యాఖ్యానమక్కరలేదు.